మెట్ల దగ్గరి తలుపు

చెల్లీ సౌహా,

నీ మోకాలు ఎలా ఉంది? మరిదిగారి దగ్గు తగ్గిందా? చిన్నదానికి పళ్లొచ్చే జ్వరం పోయిందా? నాకు ఒంట్లో బాగానే ఉంది, ముద్దే దిగడం లేదు.

మీ బావగారు పోయిన ఏడో రోజు రాత్రి ఇంటికొస్తారు, తలుపులన్నీ తీసి ఉంచమని వెళ్తూ చెప్పావు కదా. అందుకని మెట్ల దగ్గర పొగని ఆపే ఫైర్ తలుపుకి ఆయన చెప్పు అడ్డం పెట్టి చూశాను, ఆగుతుందో లేదోనని. సరిగ్గా అప్పుడే తలుపులు తనిఖీ చేసే ఖ్వాక్ వచ్చాడు. చెప్పు తీసి తలుపు వదిలాడు. గడియ టక్కున పడింది. సందులో రేకుముక్క పెట్టి చూసి, "ఇప్పుడు పొగ కూడా దూరదు మామ్మా" అన్నాడు.

"ఆ ఒక్క రాత్రికీ తెరిచి ఉంచనీ బాబూ, మా ఆయన రావాలి" అన్నాను.

"మొన్న మంటలప్పుడు కింది అంతస్తులో ఎవరో ఇలాంటి తలుపుకే పూలకుండీ అడ్డం పెట్టబట్టే కదా, మెట్లనిండా పొగ కమ్మి తాతగారు..." అని ఆగిపోయాడు. చెప్పు తుడిచి నా చేతికిచ్చాడు.

నిజమే. పై అంతస్తులో పసిపిల్లలున్నారు. తెరిచి ఉంచను. తలుపు వెనకే స్టూలు వేసుకుని కూర్చుంటాను, అలికిడైతే తీసి మళ్లీ వేసేస్తాను. ఇంట్లోవాళ్లు కంటబడితే పోయినవాళ్లు తిరిగి వెళ్లలేరంటారుగా, అందుకని కళ్లు మూసుకునే తీస్తాను. కానీ ఆయన చప్పుడు చేయకుండా నడిచే మనిషి, నాకా చెవులు సరిగ్గా వినబడవు. అదే నా బెంగ.

నీ చెవులు మంచివి. వచ్చి నా పక్కన కూర్చుంటావా? పొద్దుండగానే రా. ఆయన వచ్చేది బుధవారం, పదిహేడో తారీకు.

నీ అక్క