ఆకుపచ్చ బడి

పట్టిసీమ,
జూలై 6

ప్రియమైన దుర్గా,

రాజమండ్రి ట్రైనింగులో నువ్విచ్చిన హోంవర్కు ఇదిగో మొదలుపెట్టాను. "టీచర్లంతా మనసుకు దగ్గరైన ఒకరికి వారానికొక ఉత్తరం చేత్తో రాయండి, బరువు తగ్గుతుంది" అన్నావుగా. నీకు తప్ప ఎవరికి రాయను? టీటీసీలో నా రికార్డులన్నీ నీచేత రాయించుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కక్ష తీర్చుకున్నావు.

వేదిక మీద నిన్ను చూసి గర్వపడ్డాను గానీ నవ్వు ఆపుకోలేకపోయానే. "కళ్లు మూసుకుని ఊపిరి మెల్లగా వదలండి" అని నువ్వంటుంటే, హాల్లో సగం మంది ఒక కన్ను తెరిచి, రోజూ యాప్‌లో పెట్టాల్సిన బడి మరుగుదొడ్ల ఫొటోలు పంపుతున్నారు. నా పక్కనున్న హెడ్మాస్టారు ఊపిరి బిగబట్టి మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క పంపాడు. పంపాక వదిలాడు.

నువ్వు చెప్పిన సిబ్బంది క్షేమం ఫారం కూడా అయిపోయింది. మా పల్లె బళ్లో ఉన్నది ముగ్గురమే కదా, నేనూ, సురేష్‌బాబూ, హారతీ. లోపల సిగ్నల్ ఉండదని నీకు తెలుసు. ఎప్పటిలాగే మూడు ఫోన్లూ పట్టుకుని ఏటిగట్టు ఎక్కి, అందరివీ నేనే నింపేశాను. పది ప్రశ్నలకీ అంతా బాగున్నట్టే నొక్కుకుంటూ పోయాను. మా బడి పేరు పచ్చగా వచ్చింది. ఒక్కటి ఎర్రగా వచ్చినా పైనుంచి ఫోన్లు, విచారణలు. ఎవరు పడతారే ఆ బాధ?

హారతి మాత్రం "నాది నేనే నింపుకుంటానండి మేడమ్" అంది. రెండేళ్ల సర్వీసు పిల్ల, దానికేం తెలుసు? "నేను చూసుకుంటాలే అమ్మా" అని ఫోన్ తీసుకున్నాను. ఈమధ్య కొంచెం పరధ్యానంగా ఉంటోంది. ఊరు కోరుకొండ. ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. ఇంటి మీద బెంగ కాబోలు.

నేను బాగానే ఉన్నాను. పొద్దున వేసుకోవలసిన షుగర్ మాత్ర మధ్యాహ్నం మూడింటికి గుర్తొస్తోంది, అంతే.

నీ
మాణిక్యం


రాజమహేంద్రవరం,
జూలై 13

మాణిక్యాంబ హెడ్మిస్ట్రెస్ గారికి, ప్రేమతోనూ కోపంతోనూ,

నీ కవరు చూసి మా విద్యాశాఖ ఆఫీసు అటెండరు చిట్టియ్య నాకేదో కోర్టు నోటీసు వచ్చిందనుకున్నాడు. "మేడమ్, భయపడకండి, నేనున్నాను" అన్నాడు పాపం. నవ్వుకుంటూ చదువుతూ చదువుతూ 'అందరివీ నేనే' దగ్గర ఆగిపోయాను.

ఒసేయ్, గంటన్నర సేపు గొంతు చించుకుని నేను చెప్పిందేంటి? ఎవరిది వాళ్లే నింపాలని కాదూ? అది గుడ్ల లెక్క కాదే, మనిషి లోపలి సంగతి. ఎర్రగా వచ్చినవాళ్లని శిక్షించడానికి కాదు ఆ ఫారం. వాళ్లని మానసిక వైద్యుడి దగ్గర చూపిస్తారు, నయమయ్యేదాకా జీతంతో సెలవిస్తారు, బడికి బదులు టీచరునిస్తారు. మొత్తం పది మందికి మంజూరైంది. అది సాధించడానికి నేను ఎన్ని మెట్లు ఎక్కి దిగానో నీకు తెలీదు.

ఆ హారతిని కూర్చోబెట్టి అడుగు. నువ్వు హెడ్మిస్ట్రెస్‌లా అడిగితే ఏ పిల్లా చెప్పదు. టీ ఇచ్చి అడుగు. మాత్ర వేళకి వేసుకో.

నీ
లక్ష్మీదుర్గ


పట్టిసీమ,
జూలై 20

ప్రియమైన దుర్గా,

నువ్వు చెప్పకపోయినా అడగాల్సి వచ్చేది. మంగళవారం నాలుగో తరగతి పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి, "మేడమండీ, హారతి మేడమ్ రాయట్లేదండి, బోర్డు కేసి తిరిగి అలా నుంచునే ఉన్నారండి" అంది. వెళ్లి చూశాను. చేతిలో సుద్దముక్క, బోర్డు మీద తేదీ, అంతే. పిల్లలంతా చడీచప్పుడూ లేకుండా కూర్చున్నారు. వాళ్లు అంత నెమ్మదిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

వంటగదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. మధ్యాహ్న భోజనం వండే తలుపులమ్మ టీ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

"ఫోన్ టింగుమంటే చేతులు చల్లబడిపోతున్నాయండి. ఏది పంపానో, ఏది పంపలేదో తెలీట్లేదండి. నిద్రపోయి నెల దాటిందండి. పిల్లలు మాట్లాడుతుంటే పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ, మాట చెవికెక్కట్లేదండి మేడమ్" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

తర్వాత అంది, "ఇదంతా ఆ ఫారంలో రాద్దామనుకున్నానండి."

దుర్గా, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల ఫోన్ దాని చేతుల్లోంచి తీసుకున్నది నేనే. నీ కాళ్లు పట్టుకుంటాను, హారతి ఫారం మార్పించు. ఆ పది మందిలో దాన్నీ చేర్పించు. బదులు టీచరు రాకపోయినా ఫర్వాలేదు, నేను రెండు తరగతులు చెప్పుకుంటాను.

నీ
మాణిక్యం


రాజమహేంద్రవరం,
జూలై 29

ప్రియమైన మాణిక్యం,

ఫోన్ చేద్దామనుకున్నాను. నీ గొంతు వినే ధైర్యం లేక రాస్తున్నాను.

నాలుగుసార్లు వెళ్లి అడిగాను. గడువు దాటాక ఫారం తెరుచుకోదట. చేత్తో రాసిన అర్జీ పెట్టాను. పైనున్న ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఆకుపచ్చ బళ్లో టీచరుకి జబ్బేంటండి?" అన్నాడు. వెటకారం కాదే, నిజంగానే అడిగాడు.

ఒక్క దారి ఉందన్నారు. తప్పుడు వివరాలు నింపానని నువ్వు రాసివ్వాలి. అప్పుడు నీకు మెమో వస్తుంది. అది నువ్వు పడతావని నాకు తెలుసు. కానీ తన లాగిన్ ఇంకొకరి చేతికిచ్చినందుకు హారతికీ మెమో ఇస్తారట. నిద్రలేని పిల్లకి సంజాయిషీ నోటీసు పంపించమంటావా?

ఇంకో సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను, ఆగలేను. పది మందికి మంజూరైతే, ఎర్రగా వచ్చింది నలుగురే. ఇన్ని వందల బళ్లలో నలుగురు! అందరూ నీలాగే గట్టెక్కి నింపేశారు. ఆరు ఖాళీలు నా బల్ల మీదే ఉన్నాయి. అయినా ఇవ్వలేను.

బయట ఎవరికైనా చూపించు, మామూలు సెలవు పెట్టించు. ఇక ఆగస్టు 5న మొదటి పది ఆకుపచ్చ బళ్లకి సన్మానం. సిబ్బంది అంతా రావాలట. మీ బడి పేరు నేనే చదవాలి. నన్ను క్షమించు.

నీ
లక్ష్మీదుర్గ


పట్టిసీమ,
ఆగస్టు 11

ప్రియమైన దుర్గా,

నువ్వు కప్పిన శాలువా సంచిలోంచి తియ్యలేదు. మా బడి పేరు నువ్వు రెండుసార్లు చదివావు, ఎవరూ గమనించలేదులే. హారతిని మైకు దగ్గరికి పిలిచినప్పుడు నువ్వు నాకేసి చూశావు, నేను నేలకేసి చూశాను. "మా మేడమ్ గారు మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకుంటారండి" అంది. చప్పట్లు కొట్టారు. అది మనస్ఫూర్తిగానే అంది. అదే నన్ను దహించేస్తోంది.

సెలవు పెట్టుకోమని ముందే ఎన్నోసార్లు చెప్పాను. "మీ ఇద్దరి మీదా పడుతుందండి" అని వినలేదు. సన్మానం మర్నాడు రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టి, కోరుకొండ వెళ్లిపోయింది.

నిన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మీ రాజమండ్రిలోనే బస్సు మారాను, నీకు చెప్పలేదు. నిన్ను చూస్తే అక్కడే ఏడ్చేసేదాన్ని. వాళ్లమ్మ నూకరత్నం గారు గుమ్మంలోనే, "పడుకుందండి, నాలుగు రోజుల్నుంచీ పడుకునే ఉందండి, లేపమంటారా?" అని గుసగుసగా అడిగారు. వద్దన్నాను. నా ఫోన్ మోగకుండా పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

సాయంత్రం లేచింది. మొహం కాస్త తేరుకుంది. "నీ కాగితం ఇంకా పైకి పంపలేదమ్మా, చించేస్తాను, వచ్చెయ్" అన్నాను.

"పంపేయండి మేడమ్" అంది. మళ్లీ తనే, "ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఫారంలో మీది మీరేం నింపుకున్నారండి?" అంది.

దుర్గా, నీకు మొదటి ఉత్తరంలో రాసింది పూర్తి నిజం కాదు. ఆ రోజు గట్టు మీద ముందు తెరిచింది నా ఫారమే. 'బడికి వెళ్లాలంటే భయంగా ఉంటోందా?' అన్న ప్రశ్న దగ్గర నా వేలు దానంతటదే 'అవును' మీద పడింది. తర్వాత దానికీ, ఆ తర్వాత దానికీ. పేజీ అంతా ఎర్రబడింది. రెండేళ్లలో రిటైరయ్యే హెడ్మిస్ట్రెస్ ఇలా ఉందని నలుగురికీ తెలిస్తే? ముఖ్యంగా నీకు తెలిస్తే? చెరిపేసి అన్నీ పచ్చ చేశాను. వాళ్లిద్దరూ నిజం రాస్తే మా బడికి మనుషులొస్తారు, వస్తే నన్నూ అడుగుతారు. అందుకే హారతి గట్టెక్కి వచ్చి తన ఫోన్ అడిగినా తిరిగి ఇవ్వలేదు. సిగ్నల్ సంగతి వంక మాత్రమే. నన్ను దాచుకోవడానికి ఆ పిల్ల గొంతు నొక్కాను.

హారతికి అబద్ధం చెప్పలేకపోయాను. "నాకూ భయమేనమ్మా, మూడేళ్లయింది" అన్నాను.

తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది. "మరి రేపెలా వెళ్తారండి?" అంది.

ఎలాగో వచ్చాను. బడి తాళం చేత్తో పట్టుకుని ఎంతసేపు నుంచున్నానో తెలియదు, పిల్లలే నా చేతిలోంచి తీసుకుని తలుపు తీశారు. రెండు తరగతుల్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఎక్కాలు రాయమన్నాను. వాళ్లు రాస్తుంటే నేనిది రాస్తున్నాను. హారతి కాగితం పైకి పంపేశాను. బదులు టీచరు ఇప్పట్లో లేరన్నారు.

నాదీ పచ్చ ఫారమే, నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదని నాకు తెలుసు, దుర్గా. రేపు కూడా వస్తాను. ఎల్లుండి సంగతి మాత్రం నన్నడగకు.

నీ
మాణిక్యం