బండి మీద మిగిలిన జాగా

ఊరిగాం,
ఆదివారం, పూజ నుంచి వచ్చాక.

మా బంగారు ఏంజెలిన్‌కు,

అమ్మ ముద్దులు పెట్టి రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ నాయనా ఒంటికి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీతోటి నోవీసు సిస్టర్లూ, మదరుగారూ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఒంటికి అని ఎందుకు రాశానో తర్వాత చెబుతాను, ఇప్పుడే గాబరా పడకు.

మఠంలో ఫోను ఇవ్వరని మొదట్లో ఏడ్చాను గానీ, ఇప్పుడు నాకు ఈ ఉత్తరాలే బాగున్నాయి. ఫోనులో అయితే తిన్నావా అంటే తిన్నాననడంతో మన మాటలు అయిపోయేవి. పైగా ఈ మధ్య నన్ను తిన్నావా అని అడిగితే జవాబు పెద్దదవుతోంది.

నువ్వు అడిగింది కూడా అదే కదా. బరువు తగ్గడానికి కడుపు కోసి చిన్నది చేయించుకుని ఏడాది కావస్తోంది, ఇప్పుడేం తింటున్నావమ్మా అని. పొద్దున ఒక ఇడ్లీ, అదీ పిండి అయ్యేదాకా నమిలి. డాక్టరమ్మ చెప్పినట్టు మధ్యాహ్నం ముందు గుడ్డో చేపముక్కో తినాలి, తర్వాతే అన్నం. అన్నం వంతు వచ్చేసరికి కడుపు ఇక చాలంటుంది. రాగిముద్ద అయితే ఉసిరికాయంత. మీ నాయనతో పోటీపడి ముద్దలు మింగినదాన్ని, ఇప్పుడు ఆ ఉసిరికాయను పులుసులో ముంచి దాన్నే చూస్తూ కూర్చుంటాను. విచిత్రం ఏమిటంటే, సొరకాయకు కూడా ఒక రుచి ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నేను ఏదీ నాలుక మీద అంతసేపు నిలవనివ్వలేదు కదా.

జుట్టు రాలింది, మళ్ళీ చిన్న చిన్న వెంట్రుకలు లేస్తున్నాయి. చలి ఎక్కువైంది. పెళ్ళి ఉంగరానికి దారం చుట్టి వేసుకుంటున్నాను. మెడ కింద రెండు ఎముకలు బయటపడ్డాయి, అద్దం ముందు నిలబడి వేలితో తడిమి చూసుకుంటాను, ఇవి ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కున్నాయా అని. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం కూడా వచ్చింది. అవసరం లేకపోయినా కోలారు బస్సులో అట్లాగే కూర్చుంటాను. నవ్వితే నవ్వుకో.

జనం గుర్తుపడుతున్నారా అని అడిగావు. కొందరు పడుతున్నారు, కొందరు లేదు. గుళ్ళో వెనక గోడవారన నాకోసం వేసే కుర్చీ గుర్తుందా? ఇప్పుడు నేను ముందుకు పోయి చాప మీద అందరితో పాటు మోకాళ్ళూనుతున్నాను. పూజ అయ్యాక ఆడవాళ్ళు నన్ను పక్కకు పిలిచి, షుగరా, టీబీనా, దాచొద్దు చెప్పు అని అడుగుతారు. ఇంకో సంగతి నాకు ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు. బస్సు కండక్టరు, టమోటాల అంగడి ఆయన, పోస్టాఫీసు అమ్మాయి, ఇప్పుడు అందరూ నా ముఖం చూసి, రండమ్మా అంటున్నారు. అంతలావు మనిషిగా ఉన్నప్పుడు వీళ్ళెవరికీ కనబడనిదాన్ని, సగమయ్యాక ఎట్లా కనబడుతున్నాను? సంతోషపడాల్సింది పోయి నాకు కోపం వస్తోంది. ఆ పాత మార్గరెట్ తరఫున నేనే వాళ్ళతో ముభావంగా ఉంటున్నాను.

మొహమాటం లేకుండా అడిగేది మన పాల చిన్నవెంకటమ్మ ఒక్కతే. చెంబులో పాలు పోస్తూ ఒకరోజు, "ఆ కోసి తీసిన కడుపును ఏం చేసినారమ్మా? నీకు ఇచ్చినారా?" అంది.

"ఇయ్యలేదే. నేనూ అడగలేదు," అన్నాను.

"అడగాల్సింది కదమ్మా. యాడ పారేసినారో ఏమో. మనది కదా అది," అంది. ఆమె పోయాక నేనూ చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నిజమే, ఎక్కడ ఉంటుందో అది.

ఇక నీ మూడో ప్రశ్న. ప్రతి ఉత్తరం కింద నాయన రెండు లైన్లు రాసేవాడు కదా, పోయిన రెండు ఉత్తరాల్లో ఒక్క ముక్క కూడా లేదే, ఎందుకమ్మా అని అడిగావు. పనిలో తీరిక లేదని పోయినసారి రాశాను. అది అబద్ధం. ఉన్నది ఉన్నట్టు ఇప్పుడు రాస్తాను, కూర్చుని చదువు.

బెంగుళూరులో పని ముగించుకుని రైల్లో వచ్చేటప్పుడు మీ నాయన బంగారుపేటలో పానీపూరీ కట్టించుకుని వచ్చేవాడు కదా, నీకు గుర్తుండే ఉంటుంది. రెండు పొట్లాలు, నీళ్ళలాగా తేటగా ఉండే ఆ పానీ వేరే కవర్లో. నువ్వు చదువుకుంటూ ఉంటే మేమిద్దరం గడప దగ్గర కూర్చుని తినేవాళ్ళం. ఆయన ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతుబండి దగ్గర జరిగినవన్నీ చెప్పేవాడు, నేను వీధిలో జరిగినవన్నీ చెప్పేదాన్ని. మా సంసారంలో మాటలన్నీ ఆ వేళకే పుట్టేవని నాకు అప్పుడు తెలియదు. ఆపరేషన్ అయ్యాక పొట్లాలు రావడం ఆగిపోయింది. పాపం నా ముందర తినడం ఎందుకని మానేశాడనుకుని సంబరపడ్డాను కూడా. పొట్లాలతో పాటే మాటలూ పోయాయి. తర్వాత మనిషి ఇంటికి రావడమే ఆలస్యమైంది. రైలు లేటు అనేవాడు. అదే రైల్లో వచ్చే మన ఎదురింటి మైఖేల్ మాత్రం రోజూ వేళకు ఇంట్లో ఉండేవాడు.

నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అట్లా ఉండగా పోయిన వారం చిన్నవెంకటమ్మ పాలు పోయకుండా గడపలో నిలబడి గొంతు తగ్గించింది.

"చెప్పకూడదనుకున్నానమ్మా, మనసు ఒప్పలేదు. ఆదివారం రాబర్ట్‌సన్‌పేట దారిలో చూసినాను. మీ ఇంటాయన గాడ్విన్నప్ప బండి మీద యెవురో సన్నటి ఆమెను కూర్చోబెట్టుకొని పోతా ఉండాడు. పచ్చ చుడిదారు. ఎనకనించి చూసినాను, ముఖం కనబళ్ళేదు."

పచ్చ చుడిదారు నాదే. పెళ్ళయ్యాక మొదటిసారి కొనుక్కుని, మొదటిసారి వేసుకుని వెళ్ళాను. ఆ మాట చెబితే ఆమె పాలచెంబు కింద పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక ఆమె అన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది.

"నేనేం అనుకునేదమ్మా. మీ ఇద్దరికీ నడాన ఇంత జాగా ఉండె. మొగుడూ పెండ్లాలు అట్లా కూర్చుంటారా? పరాయామె, సిగ్గుపడి దూరంగా కూర్చున్నాదేమో అనుకుంటిని."

మీ నాయన బండి నడిపే తీరు నీకు తెలుసు. వెనక నాకు జాగా చాలాలని సీటు కొసకు జరిగి, పొట్ట హ్యాండిల్‌కు ఆనేటట్టు కూర్చునేవాడు. ఇప్పటికీ అట్లాగే కూర్చుంటున్నాడు. నా ముందు నీ పాత స్కూలు సంచి పెట్టేంత ఖాళీ ఉంటోంది. ఆ ఖాళీ నాకూ కనబడింది, ముందుకు జరుగుదామనీ అనుకున్నాను, ఏదో బెరుకు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడి దగ్గర బెరుకేమిటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన వెనక్కి జరగకపోవడం అలవాటా, లేక ఈ కొత్త మనిషిని దగ్గరికి రానివ్వడం ఇష్టం లేకనా? నాకు ఆ రోజంతా అదే ఆలోచన.

ఇక ఊరుకోలేకపోయాను. గురువారం సాయంత్రం రైలు వేళకు స్టేషనుకు నడిచి పోయాను. ఒకప్పుడు వీధి చివరికి పోవడానికి ఆటో పిలిచినదాన్ని, మొగుణ్ణి కాపలా కాయడానికి అంతదూరం విసవిసా నడిచి పోయానంటే చూడు. నేను చేరేసరికి రైలు వచ్చి, జనమంతా వెళ్ళిపోయారు. మైఖేల్ నాకు దారిలోనే ఎదురయ్యాడు, పలకరించకుండానే దాటిపోయాడు. గుర్తుపట్టినట్టు లేదు. మీ నాయన బండి మాత్రం స్టేషను బయట అట్లాగే ఉంది.

ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, ఒక్కడే. ఒళ్ళో పొట్లం, వేళ్ళ మధ్య పానీ కవరు. పక్కన విప్పని పొట్లం ఇంకొకటి. నలుగురు కూర్చోగలిగే బెంచీలో ఈ కొసన, సగం బయటికి వేలాడుతూ కూర్చుని ఉన్నాడు. మిగిలిన బెంచీ అంతా ఖాళీ. చూశావా ఏంజెలిన్, నేను పక్కన లేకపోయినా నాకు జాగా వదిలే కూర్చున్నాడు.

దగ్గరికి పోయాను. తల ఎత్తకుండానే, "ఖాళీగానే ఉండాదమ్మా, కూర్చోండి," అన్నాడు.

"యెవురి కోసమయ్యా అంత జాగా?" అన్నాను.

పానీ కవరు చొక్కా మీద ఒలికింది. "నువ్వా? నీ అడుగు చప్పుడు తెలీలేదే," అన్నాడు. నేను చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే చప్పుడు ఆయనకు వీధి మలుపు నుంచే తెలిసేదట. ఇప్పుడు నేను ఇంట్లో తిరుగుతున్నా ఎక్కడ ఉన్నానో తెలియడం లేదట.

"దొంగగా ఈడ కూర్చొని తినేదానికి ఏం ఖర్మ నీకు?"

"ఇంటికి తెస్తే నువ్వు చూస్తా కూర్చుంటావు. నాకు గొంతులో దిగదు."

"సరే. రెండు పొట్లాలు ఎందుకు మరి?"

విప్పని పొట్లాన్ని దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత అన్నాడు. "అంగడాయన నన్ను చూస్తానే రెండు కట్టేస్తాడు. ఒకటి చాలంటే, ఇంటామెకు ఏమైందని అడగతాడు కదా. ఏమని చెప్పేది? ఉండాది గానీ, లేదు అని చెప్పేదా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను బతకాలనే కదా కడుపు కోయించుకున్నాను. ఆస్పత్రిలో నా పక్కన పడిగాపులు పడింది నువ్వే కదా. ఇప్పుడు నేను లేనా?" అని ప్లాట్‌ఫారం అంతా వినబడేటట్టు అరిచాను.

ఆయన నా కాళ్ళ వైపు చూపించాడు. "చెప్పుల పట్టీ కూడా నువ్వే పెట్టుకుంటా ఉండావు. లేసేదానికి చెయ్యి అడగవు. రేతిరి గురక పెట్టవు. నువ్వు బాగుండావని నాకు సంతోషమే, దేవుడి మీద ఆన. అయితే ఇంగ నాకేం పని ఉండాది నీతో? నిన్ను చూస్తే కొత్తామెను చూసినట్టుండాది. ఏం మాట్లాడాల్నో తెలీక ఈడ కూర్చుంటా ఉండాను." అని చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

వేరే ఆడదైతే జుట్టు పట్టుకుని ఉందును. నా పాత ఒంటి మీద బెంగపెట్టుకున్న మొగుణ్ణి ఏం చేయాలో నాకు తెలియలేదు. పక్కన కూర్చున్నాను. విప్పని పొట్లం విప్పి ఒక్క పూరీ తీసుకుని, నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కటీ పానీలో ముంచి నమిలాను. ఆయన రెండు పొట్లాలూ ముగించేవరకు నాకు ఆ ఒక్కటే సరిపోయింది. డాక్టరమ్మకు చెప్పొద్దు. ఆ ఒక్క పూరీ అయ్యేలోపల లేతుబండి దగ్గర కొత్తగా చేరిన మేస్త్రీ సంగతి, చిన్నవెంకటమ్మ చూసిన పచ్చ చుడిదారు సంగతి అన్నీ వచ్చాయి. ఆ మాట విని, నిజంగానే ఆమె ఎవరో తనకూ తెలియదని అన్నాడు మీ నాయన. నవ్వుతూనే అన్నాడు గానీ, అందులో కొంత నిజం ఉందని ఇద్దరికీ తెలుసు. నాకూ ఆమె గురించి ఇంకా పూర్తిగా తెలియదు. ఇద్దరం కలిసి తెలుసుకోవాలి కాబోలు.

ఇంటికి బండి మీదే వచ్చాం. మళ్ళీ అలవాటుగా సీటు కొసకే జరిగి కూర్చున్నాడు. నేను ఏమీ అనలేదు. చెప్పి చేయించుకుంటే ఏం లాభం? నాకై నేను ముందుకు జరగడానికి ఇంకా బెరుకు పోలేదు. ఎవరు ముందు జరుగుతారో చూడాలి.

మే నెలలో నీ మొదటి ప్రమాణాల పూజకు ఇద్దరం వస్తాం, ఆ అనుమానం పెట్టుకోకు. మదరుగారికి చెప్పు, నాకోసం గట్టి కుర్చీ వెతకాల్సిన పని లేదని. చలికి చెవులు కప్పుకుని పడుకో. మా కోసం ప్రార్థన చేసేటప్పుడు నా ఒంటి గురించి కాస్త తగ్గించి, మీ నాయన గురించి కాస్త ఎక్కువ చెయ్యి.

ఈ ఉత్తరం ఆయనకు చదవమని ఇస్తున్నాను. కింద కొంచెం కాగితం వదిలాను. రాస్తాడో లేదో నీకే తెలుస్తుంది.

ఇట్లు,
నువ్వు గుర్తుపట్టాల్సిన
మీ అమ్మ
మార్గరెట్

పాపా, మీ అమ్మ రాసిందంతా చదివినాను. సీటు సంగతి నిజంగా నాకు తెలీదు. ఇప్పుడు ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసేదానికి ఇద్దరం బండి మీద పోతా ఉండాము. ఎనక్కి జరిగి కూర్చుంటాను.
మీ నాయన