ఒక్కదాన్నే వెళ్తున్నాను

వదినా, మంచం మీద నేను లేనని కంగారు పడకు. కుక్కర్‌లో అన్నం ఉంది, పప్పుకు పోపు పెట్టు. నేను టైలర్ జంపక్క ఇంటికి వెళ్తున్నాను, ఒక్కదాన్నే.

వారం వారం ఇంటికొచ్చే ఫిజియో యశోద మేడం నేర్పినట్టే, మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య చెక్క పలక వేసుకుని నేనే కుర్చీలోకి జరిగి కూర్చున్నాను. అన్న గడప ముందు కట్టించిన సిమెంటు వాలు మీద, నిన్న నువ్వు మిరపచేనుకు వెళ్లాక రెండుసార్లు దిగి ఎక్కాను. జంపక్క చూసి "ఏంది సువర్ణా, ఒక్కదానివే దిగినవా!" అని చప్పట్లు కొట్టింది.

నీ మీద ఒక కోపం ఉంది. ఇంటికొచ్చినవాళ్లు "సువర్ణ చాయ్ తాగుతదా?" అని నిన్నడిగితే, నన్నడగకుండానే "తాగదు" అంటావు. నేను తాగుతాను వదినా.

అన్న డ్యూటీకి పోతే నన్ను ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు ఉండరని నాలుగేళ్లుగా నువ్వు ముదిగొండలో మీ అమ్మ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉండలేదు. ఈ శనివారం వెళ్లు, రెండు రోజులుండి రా. అన్నతో చెప్పాను. "అవ్, పోయి రానీ" అన్నాడు.

సువర్ణ

నీ నీలం చీర కోసం బీరువాలో వెతకకు. ఫాల్ కుట్టించడానికి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తున్నాను. ఊరికి అదే కట్టుకో.