మందకు ముందు నడిచింది

మిర్నా అక్కా,

ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం కోబుక్ నది దగ్గర క్యారిబూ దుప్పుల మందను నేనే వెనక్కి తిప్పేశాను.

మనవాళ్ళందరూ రేవులో కాచుకుని ఉన్నారు. నేనొక్కణ్ణే నది వంపు అవతల ఉన్నాను. మందకు ముందుగా ఓ ముసలి ఆడ క్యారిబూ నీళ్ళలోకి దిగింది. ముందొచ్చేవాటిని దాటనిస్తేనే మిగతావి వెంట వస్తాయని తెలిసి కూడా ఆగలేక కాల్చేశాను. అది పడగానే వెనకున్న వేల క్యారిబూలు ఒక్కసారే ఆగి, చప్పుడు లేకుండా తిరిగి కొండెక్కేశాయి.

మన పద్ధతి ప్రకారం తొలి మాంసం ఊరి పెద్ద లెవీ తాతకి తీసుకెళ్ళాను. ముక్క నములుతూ, "ఒరేయ్ తొందరోడా, ఇది వరుసలో ఎన్నోదిరా?" అన్నాడు.

"మధ్యలోది తాతా."

"అయితే ముందువి దాటేశాయి. మిగతావీ వస్తాయిలే, ఇక్కడే ఉందాం. పరవాలేదురా, నీకూ ఓపికొచ్చింది" అని వీపు తట్టాడు.

ఆ మాట మీద ఊరంతా నాలుగు రోజులుగా గట్టునే కూర్చుంది. నది అంచున మంచు కడుతోంది. మంద ఇక ఎగువనున్న రేవులోనే దాటుతుంది. పడవల్లో అక్కడికి చేరాలంటే ఇవాళే బయల్దేరాలి, లేకపోతే ఈ చలికాలం ఎవరింట్లోనూ మాంసం ఉండదు.

ఏం చెయ్యమంటావని అడుగుదామనే మొదలుపెట్టాను. నీ జవాబు వచ్చేసరికి నది గడ్డకట్టేస్తుంది. తాతకొక్కడికే చెబుదామనుకున్నాను గానీ, పడవలన్నీ కదలాలంటే అందరూ వినాలి. గట్టు మీదికే వెళ్తున్నాను.

నీ తమ్ముడు