ఊకలో మిగిలిన బూడిద

క్యారీ,
నవంబర్ 12

ఉజ్వలా,

మనిద్దరం ఒకే వరి ఊకలోంచి లిగ్నిన్ అనే పదార్థాన్ని తీస్తే, నాకెప్పుడూ నీకంటే రెట్టింపు వచ్చేది. నీకు పని చేతకాదని ప్రొఫెసర్ నిన్ను ల్యాబ్‌లోంచి పంపేశారు. అప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మొన్న మా పేపర్ రివ్యూలో, తీసిన లిగ్నిన్‌లో బూడిద ఎంతుందని అడిగారు. నా పాత శాంపిల్‌ని ఫర్నేస్‌లో పెట్టాను. లిగ్నిన్ కాలిపోయాక సగం బరువు తెల్లటి బూడిదే మిగిలింది. అది ఊకలో ఉండే సిలికా, ఇసుక లాంటిది; నాకు ఎక్కువ వచ్చిందంతా అదే. నువ్వు ప్రతిసారీ కాల్చి, ఆ బరువు తీసేసి లెక్కవేసేదానివి. ఎందుకే అంత చాదస్తం అని నేను నవ్వితే, "లెక్క లెక్కే కదా అక్కా" అనేదానివి.

ఇవాళ చెప్పేద్దామనే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా గ్రీన్ కార్డ్‌కి రికమెండేషన్ లెటర్ రాస్తున్నారు. "నీ పనితనం గురించి కూడా రాశాను" అన్నారు.

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

నన్నిక అక్కా అని పిలవకు.