మీ బావ తాగలేదు

తమ్ముడూ,

మీ బావ తాగలేదురా. ఇన్సులిన్ వేసుకుని, పని తెమలక అన్నం తినలేదు, అంతే. అలాగైతే ఒంట్లో షుగర్ పడిపోతుందట. దాన్ని హైపో అంటారని డాక్టరమ్మ చెప్పింది. మాట ముద్దగా వస్తుంది, మనిషి తూలతాడు, కొందరైతే ఎదురొచ్చినవాళ్ల మీద పడి కొడతారట. నీ మీదికి స్పానర్ ఎత్తింది ఆ అయోమయంలోనే. నీ చేతులు పడిపోను! ఆయన వణుకుతూ నోట్లో వేసుకుందామని జేబులోంచి చక్కెర పొట్లం తీస్తే, దాన్ని కాలితో తన్ని, వర్క్‌షాపులో అందరి ముందూ ఆయన్ని లేత్ మిషన్‌కి కట్టేసి మూతి పగిలేదాకా కొట్టావు.

ఇవాళే స్పృహలోకి వచ్చాడు. ఏమీ గుర్తులేదు. "నన్నెవడో చావబాదాడే. మీ తమ్ముణ్ణి పిలువు, వాడైతే ఆ కొట్టినవాడి అంతు చూస్తాడు" అంటున్నాడు.

రా. వచ్చి నువ్వే చెప్పు.

అక్క