జగ్గమ్మ కాళ్ళ కడియాల విషయమై

శ్రీకాకుళం జిల్లా, శ్రీముఖలింగం దగ్గర మా ఊళ్ళో వ్యవసాయం చేసుకు బతుకుతున్న గేదెల గంగులు అనే నేను రాసుకున్న వీలునామా. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. భూమి, ఇల్లు వరకు నాకూ అలాగే ఉంది. మూడో అంశం దగ్గర మాత్రం కంగారుగా ఉంది. అది నోటితో చెప్పడానికి సిగ్గుపడి, లేఖరి నారాయణమూర్తి గారి చేత రాయించకుండా నా చేతితో రాస్తున్నాను. అమలు జరిపించే బాధ్యత మాత్రం ఆయనదే.

1. నా స్వార్జితమైన పల్లం భూమి నా తదనంతరం నా కొడుకు తిరుమలరావుకు సర్వహక్కులతో చెందుతుంది. గట్టు తగువు పెట్టుకోవద్దు. నేను పెట్టుకుని ఏమీ బావుకోలేదు.

2. పెంకుటిల్లు కూడా అతనిదే. అయితే నా భార్య జగ్గమ్మ బతికినంతకాలం వీధి గదిలోనే ఉండాలి. మంచం జరపకూడదు. జరిపితే గుమ్మం ఎటుందో తెలియక వెతుక్కుంటుంది.

3. వెండి కడియాలు ఒక జత. ఇవి జగ్గమ్మ కాళ్ళకే ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో తొడిగినవి, ఇప్పుడు మడమ దాటి రావు. భార్య సొత్తు భర్త రాయకూడదని నారాయణమూర్తి గారన్నారు. కాని వాటిని తోమే పని నాది. అది ఎవరికి రాయాలో తెలియడం లేదు.

జగ్గమ్మకు మనుషులు గుర్తులేరు. నన్నూ "ఎవురు బాబూ నువ్వు" అంటుంది. కుంకుడు రసం వాసన తగిలితే మాత్రం కాలు చాపుతుంది. మగాడు పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నాడని ఊళ్ళో అనుకుంటారని తలుపేసి తోముతాను. రాశాను కనక ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. కానివ్వండి.

చింతపండు వాడకండి. వెండి మెరుస్తుంది గాని మడమ పగుళ్ళు మండి ఏడుస్తుంది. కుంకుడు రసం గోరువెచ్చగా ఉండాలి. పాత పంచె పేలికను కడియం మెలికల మధ్య తాడులా లాగాలి. తర్వాత మంచినీళ్ళు, పొడిగుడ్డ. కింద తడి ఉండిపోతే ఒరిసి పుండవుతుంది.

4. కోడలు యమునకు నా పెట్టెలోని వెండి కుంకుమ భరిణ. యమున మంచిదే. టూత్‌పేస్టుతో తోమబోతే కడియానికి గీతలు పడ్డాయి, జగ్గమ్మ కాలు లాక్కుంది. కొడుకు పట్టుకున్నా లాక్కుంది. "కంసాలి సేత కోయించీ నాన్నా, ఏటి మనకీ బాద" అన్నాడు. అతనిది తప్పనలేను. కోయిస్తే ఆమెకు సుఖమో, కష్టమో నాకు తేలలేదు.

5. నా తోడబుట్టిన అప్ప లక్ష్మీనరసమ్మ. మా అమ్మ వెండి వడ్డాణం కరిగించి ఈ కడియాలు చేయించారు. సగం తనదని అప్ప జగ్గమ్మతో మాటలు మానేసింది. వచ్చినా వీధి అరుగు మీదే కూర్చుని పోయేది. మొన్న వానల్లో నాకు జ్వరమని తెలిసి వచ్చి, తలుపు తోసి, నా చేతిలో కుంకుడు రసం గిన్నె చూసింది. "ఒరే, ఇన్నాళ్ళూ పెళ్ళాం కాళ్ళు పట్టుకుంటన్నావేటిరా" అని నవ్వింది. తర్వాత కింద కూలబడి, "ఒసే జగ్గీ, ఇలాగియ్యే ఆ కాలు" అంది. జగ్గమ్మ ఇచ్చింది. రెండోది తనే చాపింది. నీ సగం ఏ కాలిదో చెప్పప్పా, రాసేస్తాను అన్నాను. "ముందు తోమనీరా" అంది.

అందుచేత రెండు కాళ్ళ పనీ అప్పకు రాస్తున్నాను. పని రాసివ్వడం చట్టంలో ఉందో లేదో. ఆమె వచ్చినప్పుడు తిరుమలరావు భోజనం పెట్టాలి, అరుగు మీద కాదు, లోపల. కాని అప్ప నాకంటే పెద్దది. ఆమె కూడా పోతే ఎవరికి రాయాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

6. అప్ప తర్వాత జగ్గమ్మ ఎవరికీ కాలు ఇవ్వకపోతే బలవంతంగా పట్టుకోవద్దు. పుండు పడితే డాక్టరు మాట వినండి. లేకపోతే కోయించవద్దు. నల్లబడితే నల్లబడనివ్వండి. ఆమెకు చూపు తక్కువ, నలుపు కనబడదు. మంచం మీద కూర్చుని కాళ్ళు ఎత్తి దించి చూసుకుంటుంది. బరువు తెలుస్తుంది.

తేదీ: 18-11-2024, సోమవారం.

(సంతకం) గేదెల గంగులు

సాక్షులు:
1. పొట్నూరు అప్పారావు
2. పైడి చినబాబు